నల్లగొండ, పాలమూరు మీద పన్నెండు వ్యాసాలు: వెబ్ రాతల పని డైరీ

తమ ఊరి మీద, జిల్లా మీద తెలుగులో వ్యాసాలు రాసి వెబ్‌లో పెట్టాలనుకునేవాళ్ల కోసం ఈ డైరీ. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర పదకొండేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, దరఖాస్తులు, ప్రాజెక్టు రికార్డులు టైపు చేస్తుంటాను. నల్లగొండ, పాలమూరు మీద పన్నెండు వ్యాసాలు సొంతంగా రాసి వెబ్‌లో పెట్టాలని మొదలుపెట్టాను. టైపు చేయడం వేరు, రాయడం వేరని మొదటి రెండు వారాల్లోనే తెలిసొచ్చింది. అందుకే డైరీని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

సామాను: షాపులోని పాత కంప్యూటర్, ఫోన్, గళ్ల నోటుపుస్తకం, పెన్సిల్, ఎర్ర పెన్ను. పేజీ ఎంత సేపట్లో తెరుచుకుంటుందో కొలిచే ఉచిత టూల్ ఒకటి.

1వ దశ (1, 2 వారాలు): మూడు రాశాను, మూడూ తీసేశాను

మొదటి మూడు విషయాలు: పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం, నాగార్జునసాగర్, ఫ్లోరైడ్ నీళ్లు. కుర్చీలోంచి లేవకుండా, అక్కడా ఇక్కడా దొరికింది పోగేసి రాశాను. ఇంగ్లీషులో దొరికినదాన్ని యంత్ర అనువాదంలో వేసి సవరించాను. మూడూ కలిపి 3,380 మాటలు. చూడడానికి నిండుగా కనిపించాయి.

తర్వాత ఒక పరీక్ష పెట్టాను. ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే, అందుకే పద్ధతి పూర్తిగా రాస్తున్నాను.

1. ఐదుగురిని ఎంచుకోవాలి. నేను అడిగింది జిరాక్సుకు వచ్చిన డిగ్రీ అమ్మాయిని, మా మేనత్తను, స్టాండులోని ఆటో అన్నను, ఎదురు మెడికల్ షాపాయనను, మా వీధిలో ఉండే రిటైరైన సైన్స్ సారును.
2. వాళ్ల ఫోన్‌లోనే పేజీ తెరిచి ఇవ్వాలి. మన ఫోన్ ఇవ్వొద్దు, వాళ్లకు అలవాటైన అక్షరం సైజు అందులో ఉండదు.
3. "చదువుడు ఎప్పుడు ఆపాలనిపిస్తే అప్పుడు ఆపండి" అని చెప్పి పక్కన కూర్చోవాలి. మాట్లాడొద్దు, వివరించొద్దు.
4. బొటనవేలు ఎక్కడ ఆగింది, ఎక్కడ గబగబా జరిగింది, ఎక్కడ వెనక్కి వచ్చింది, ఈ మూడే రాసుకోవాలి.
5. అయిపోయాక ఒక్కటే అడగాలి: ఏం తెలిసింది?

పానగల్లు వ్యాసంలో 1,140 మాటలు. ఆటో అన్న రెండో పేరా దగ్గర ఆపాడు. మెడికల్ షాపాయన ఫొటోలు చూసుకుంటూ కిందికి పోయాడు. మేనత్త మూడో పేరా దాటలేదు, డిగ్రీ అమ్మాయి నాలుగో పేరా దాకా వచ్చింది. సారొక్కరే చివరిదాకా చదివి, తప్పులు గుర్తుపెట్టుకుని చెప్పారు. మేనత్త అన్న మాట నోటుపుస్తకంలో అట్లాగే ఉంది: "గుడి గొప్పదని తెల్సింది బిడ్డా. ఆ నీడ ముచ్చట రాయలేదేంది?"

రాశాను. ఆరో పేరాలో ఉంది. లెక్కపెడితే ముందు 430 మాటలు దాటితే గాని నీడ దగ్గరికి రాలేదు. ఆ గుడికి జనం పోయేదే, లింగం వెనక పగలంతా కదలని ఆ నీడ కోసం. నేను మొదలుపెట్టిన వాక్యం ఇది:

"భారతీయ సంస్కృతిలో దేవాలయాలకు విశిష్టమైన స్థానం కలదు. అటువంటి విశిష్ట దేవాలయాలలో నల్లగొండ జిల్లాలోని ఛాయా సోమేశ్వరాలయం ఒకటిగా చెప్పబడుతుంది."

ఈ రెండు వాక్యాల్లో గుడి పేరు మారిస్తే ఏ గుడికైనా సరిపోతాయి. మా షాపులో టైపు చేసిన వందల కరపత్రాల నడక చేతికి అంటుకుంది. ఎర్ర పెన్నుతో లెక్కపెడితే "బడింది, బడుతుంది, బడినది" 23 చోట్ల ఉన్నాయి. "కలిగి ఉంది" 9 చోట్ల. ఇవి యంత్ర అనువాదంతో వచ్చినవి, నా కన్ను వాటిని పట్టుకోలేదు.

అదే రాత్రి మూడు వ్యాసాలూ పేజీలోంచి తీసేశాను.

*మొత్తం: రాసినవి 3, నిలిచినవి 0. గంటలు 19. ఖర్చు 0.*

2వ దశ (3, 4 వారాలు): పానగల్లుకు పోయి రావడం

పానగల్లు మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. చిన్నప్పటి నుంచి పోతున్న గుడి కాబట్టి మళ్లీ పోయి చూడాలని తట్టనే లేదు. తప్పు అక్కడే జరిగింది.

ముందు పాత వ్యాసంలో ఉన్న ప్రతి సంగతి కింద పెన్సిల్ గీత గీశాను. అంకె, పేరు, కాలం, దిక్కు, "మొట్టమొదటి", "ఏకైక", అన్నిటికీ గీతలే. 31 వచ్చాయి. వాటిలో నిజమని తేలినవి 12. తప్పని తేలినవి 5. ఎటూ తేలనివి 14. తేలనివి రాయొద్దని నిర్ణయం తీసుకున్నాక వ్యాసం సగానికి పడిపోయింది, నాణ్యత అక్కడి నుంచే పెరిగింది.

తప్పుల్లో పెద్దది చెప్తాను. పానగల్లులో రెండు సోమేశ్వరాలయాలు ఉన్నాయి, ఒకటి ఛాయా, ఇంకోటి పచ్చల. పురావస్తు మ్యూజియం ఉన్నది పచ్చల సోమేశ్వరాలయం దగ్గర. నేను దాన్ని ఛాయా గుడిలో పెట్టాను. పైగా నేను వాడిన నాలుగు ఫొటోల్లో రెండు పచ్చల గుడివి. నాకు దొరికిన మూడు చోట్లా ఇదే కలగలుపు ఉంది. మూడు చోట్ల ఒకే మాట కనిపించింది గదా అని నమ్మాను. తీరా చూస్తే మూడింటిలోనూ గుడి కట్టించిన రాజుల వంశం పేరులోని "కుందూరు" అనే మాట ఒకే తీరుగా తప్పు రాసి ఉంది. అంటే ముగ్గురూ ఒక్కచోటి నుంచే ఎత్తుకున్నారు. అప్పటి నుంచి నా లెక్కలో ఒకే అచ్చుతప్పు ఉన్న రెండు చోట్లు ఒకటే చోటు.

గుడికి రెండుసార్లు పోయాను. మొదటి రోజు పొద్దున తొమ్మిది నలభైకి, పన్నెండున్నరకు. రెండోసారి సాయంత్రం నాలుగు దాటాక. గర్భగుడి గడప ఇవతల ఒకే గచ్చు రాయి మీద నిలబడి, ఒకే ఎత్తులో ఫోన్ పట్టుకుని ఫొటోలు తీశాను. మూడింటిలోనూ లింగం వెనక నిలువు నీడ ఉన్నచోటే ఉంది. రెండోసారి మబ్బు పట్టినప్పుడు పలచబడింది, జరగలేదు.

ఇది ఎందుకని రాయకపోతే వ్యాసం వట్టి ఆశ్చర్యం దగ్గరే ఆగిపోతుంది. సైన్స్ సారు దగ్గర కూర్చున్నాను. గర్భగుడిలోకి నేరుగా ఎండ రాదు, బయటి ఆకాశం నుంచి చెదిరిన వెలుగు స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరుతుంది, సూర్యుడు ఎటు తిరిగినా ఆ సందులు మారవు కాబట్టి నీడ కదలదు అని చెప్పారు. నమ్మకం కుదరక అట్టపెట్టెకు కిటికీలు కోసి, స్తంభాలకు బదులు స్కెచ్ పెన్నులు నిలబెట్టి, మిద్దె మీద నీడపట్టున పెట్టి చూశాను. పెట్టెను ఎటు తిప్పినా లోపలి గోడ మీద నల్లటి పట్టీ ఉన్నచోటే ఉంది. ఎండలోకి జరపగానే పట్టీ పక్కకు పోయింది. ఆ పెట్టె ఫొటో వ్యాసంలో పెట్టాను. రెండో పరీక్షలో అందరి బొటనవేలూ ఆగింది ఆ ఫొటో దగ్గరే.

కొత్త మొదలు:

"పొద్దున చూసిన నీడ మాపటికీ అక్కడే ఉంటుంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి మూడు గర్భగుళ్లు. వాటిలో ఒకదానిలో లింగం వెనక పడే నీడ పగలంతా కదలదు. ఎండ నేరుగా లోపలికి రాకపోవడమే దీనికి కారణం."

కట్టించినది కుందూరు చోడులు, కాలం 11, 12 శతాబ్దాలు. ఈ మాట మూడో పేరాలోకి పోయింది. చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లు అక్కడిదాకా వస్తారు, నీడ కోసం వచ్చినవాళ్లకు మొదట్లోనే జవాబు దొరుకుతుంది.

ఇంకో మార్పు. "మూడు గర్భగృహాలను కలిగి ఉంది" అన్నది "మూడు గర్భగుళ్లు" అయింది. "కుందూరు చోళులచే నిర్మించబడినది" అన్నది "కుందూరు చోడులు కట్టించారు" అయింది. ఇట్లా మార్చుకుంటూ పోతే 1,140 మాటల వ్యాసం 610కి దిగింది. అవే ఐదుగురికి మళ్లీ ఇస్తే ముగ్గురు చివరిదాకా చదివారు. ఆటో అన్న ఈసారీ మధ్యలోనే ఆపాడు, కానీ సంగతి మొత్తం చెప్పగలిగాడు. అది నాకు చాలు.

*మొత్తం: నిలిచినవి 1. గంటలు 34. ఖర్చు ఆటోలకు 160 రూపాయలు.*

3వ దశ (5, 6, 7 వారాలు): ఫ్లోరైడ్ దగ్గర జరిగిన తప్పు

ఈ దశ రాయడానికి చేయి రావట్లేదు, అయినా రాయాలి.

తీసేసిన మొదటి ఫ్లోరైడ్ వ్యాసంలో "నీళ్లు కాచి చల్లార్చి తాగితే ఫ్లోరైడ్ తగ్గుతుంది" అని ఒక వాక్యం ఉంది. వాట్సాప్‌లో తిరిగిన మెసేజ్‌లోంచి వచ్చింది. అది పూర్తిగా తప్పు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. ఆవిరైపోయేది నీళ్లే. సారు నోటుపుస్తకంలో లెక్క వేసి చూపించారు: లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 10 లీటర్లు తీసుకుంటే మొత్తం 20 మిల్లీగ్రాములు. అవి మరిగి 8 లీటర్లయితే అవే 20 మిల్లీగ్రాములు 8 లీటర్లలో ఉంటాయి, అంటే లీటరుకు 2.5.

మా అమ్మమ్మది ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ దిక్కు. నడుము వంగి, మోకాళ్లు దగ్గరికి రాక, గోడ పట్టుకుని నడిచేది. అట్లాంటి ఇంట్లో పుట్టి ఆ వాక్యం రాశాను. తీసేసేలోపు 11 రోజులు అది వెబ్‌లో ఉంది. ఎంతమంది చదివారో లెక్క ఉంది, ఎంతమంది కాచుకుని తాగారో లెక్క లేదు. అందుకే కొత్త వ్యాసం పైనే ఒక గీత పెట్టి రాశాను: ముందు పెట్టిన వ్యాసంలో నీళ్లు కాచమని రాసింది తప్పు, కాచితే ఫ్లోరైడ్ తగ్గదు, ఇంకా చిక్కబడుతుంది. తేదీ వేశాను. తప్పు రాసి చప్పుడు చేయకుండా దిద్దితే, పాతది చదివినవాళ్లకు తెలిసే దారి ఉండదు.

ఒంటికి, మందులకు, డబ్బుకు, భూమి కాగితాలకు సంబంధించిన ఏ వ్యాసమైనా ఆ విషయం తెలిసిన మనిషి ఒకరు చదివితే గాని పెట్టొద్దని నియమం చేసుకున్నాను. ఆ మనిషి దొరక్కపోతే వ్యాసం ఆగుతుంది.

తీసేసిన 1,260 మాటల వ్యాసంలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. విడదీశాను.

మొదటిది: నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉంటే ప్రమాదం? భారత ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత కూడా 1.5 దగ్గరే. మిల్లీగ్రాము అంటే మేనత్తకు అందలేదు. "20 లీటర్ల క్యాన్‌లో 30 మిల్లీగ్రాములు, అంటే చిటికెడు కన్నా తక్కువ" అని మారిస్తే అందింది. "గంతనా? గంత దానికే బొక్కలు వంగుతయా?" అని అడిగింది. ఆ ప్రశ్నను యథాతథంగా ఉపశీర్షిక చేశాను. ఏళ్ల తరబడి రోజూ ఒంట్లో చేరుతుందని జవాబు అక్కడి నుంచి మొదలైంది.

రెండోది: నల్లగొండ పద్ధతి అంటే ఏంటి? 1970వ దశకంలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసి మా జిల్లా పేరు పెట్టిన పద్ధతి ఇది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పుతారు. పటిక గడ్డకట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది, పైతేటను వడగడతారు. పటిక ఎన్ని చెంచాలో రాయమని చదివినవాళ్లు ఇద్దరు అడిగారు. రాయలేదు. ఫ్లోరైడ్ ఎంత, క్షారత (నీళ్లకు ఆమ్లాన్ని తట్టుకునే గుణం) ఎంత అన్నదాన్ని బట్టి మోతాదు మారుతుంది, పటిక ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. నీళ్లు పరీక్ష చేయించకుండా చెంచాల లెక్క చెప్పడం మొదటి తప్పును ఇంకో రూపంలో చేయడమే అవుతుంది.

కాలం దగ్గర కూడా జాగ్రత్త పడాల్సి వచ్చింది. పాత రాతల్లో "నల్లగొండ ప్రజలు ఫ్లోరైడ్ నీళ్లు తాగుతున్నారు" అని వర్తమానంలో ఉంటుంది. ఇప్పుడు మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ పోలేదు, అప్పట్లో వంగిన ఎముకలూ తిరిగి సాగలేదు. ఈ మూడింటినీ మూడు వాక్యాల్లో విడివిడిగా చెప్పాలి. ఒక్క వాక్యంలో ఇరికిస్తే ఏదో ఒకటి అబద్ధమవుతుంది.

*మొత్తం: నిలిచినవి 3 (610 + 540 + 720 = 1,870 మాటలు). గంటలు 55. ఖర్చు 400 రూపాయలు.*

4వ దశ (8వ వారం): రాత బాగున్నా పేజీ తెరుచుకోలేదు

కొత్త వ్యాసం ఏదీ లేదు. వారమంతా మరమ్మతులే.

లింకు. శీర్షిక తెలుగులో ఉంటే చిరునామా కూడా దానంతట అదే తెలుగులో తయారైంది. బాగుందనుకున్నాను. వాట్సాప్‌లో పంపితే మూడు వరుసల శాతం గుర్తులు వచ్చాయి. ఎందుకంటే ఒక్క తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు, చిరునామాలో ఒక్కో బైటుకు మూడు గుర్తులు, అంటే సంకేతానికి తొమ్మిది. "నల్లగొండ" అనే మాటలో న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ కలిపి ఎనిమిది సంకేతాలు. ఎనిమిది తొమ్మిదులు 72 గుర్తులు, ఒక్క ఊరి పేరుకే! నేను వాడే వర్డ్‌ప్రెస్ 200 గుర్తుల దగ్గర కోసేస్తుంది కాబట్టి శీర్షిక మాట మధ్యలో తెగింది. మెడికల్ షాపాయన తెరవనే లేదు: "గిదేదో మోసం లింకు లెక్క ఉంది, నొక్కలే."

చిరునామాలను రోమన్ అక్షరాల్లో రెండు మూడు మాటలకు కుదించాను. కుదించి ఇంకో తప్పు చేశాను: పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లింపు పెట్టలేదు. అప్పటికే పంపిన లింకులన్నీ "పేజీ దొరకలేదు" అని చూపించాయి. మూడు రోజుల తర్వాత గాని తెలియలేదు. మీరు చిరునామా ముందే చిన్నదిగా పెట్టుకోండి, తర్వాత మార్చకండి. మార్చక తప్పకపోతే శాశ్వత మళ్లింపు అదే నిమిషంలో పెట్టండి.

ఫొటోలు. ఫోన్‌లో తీసినవి ఒక్కోటి 4.3 ఎంబీ, పానగల్లు పేజీలో ఆరు, మొత్తం 25.8 ఎంబీ. మా చిన్నాయిన తోట దగ్గర సిగ్నల్‌లో పేజీ 19 సెకన్లు పట్టింది. చేసినవి ఇవి:

1. వెడల్పు 1,200 పిక్సెళ్లకు తగ్గించాను.
2. ఫొటో సైజు తగ్గించే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మార్చి నాణ్యత 75 పెట్టాను. ఒక్కోటి సుమారు 140 కేబీ, ఆరూ కలిపి 840 కేబీ.
3. కింది ఫొటోలు అక్కడికి వచ్చాకే తెరుచుకునేలా పెట్టాను. మొదట ఆరింటికీ ఇట్లాగే పెట్టి దెబ్బతిన్నాను, పై ఫొటో కూడా ఆలస్యమైంది. పై ఫొటోకు ఆ వాయిదా పెట్టకూడదు.
4. ప్రతి ఫొటోకు వెడల్పు, ఎత్తు అంకెలు రాశాను. లేకపోతే ఫొటో వచ్చేసరికి చదువుతున్న వరుస కిందికి దూకుతుంది.

పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలో కనిపిస్తే బాగున్నట్టు అని గూగుల్ కొలత. నాది తోట దగ్గర 3.1 వస్తోంది, షాపులో 1.9. ఇంకా తగ్గించాలి.

అక్షరాలు. వరుసల మధ్య ఎడం 1.3 ఉండేది, ఇంగ్లీషుకు పెట్టిన కొలత అది. "స్వాతంత్ర్యం" అనే మాటలో కింది వత్తులు తర్వాతి వరుస గుడులకు తగిలాయి. 1.75 చేశాను. నోటో సాన్స్ తెలుగు, 18 పిక్సెళ్లు. రెండు వైపులా సమంగా సర్దడం తీసేశాను. మన మాటలు పొడుగు, ఫోన్ తెర ఇరుకు, సర్దితే మాటల మధ్య గుంతలు పడతాయి. పుస్తకాలకు ఆ సర్దుబాటే అందమని ఇన్నేళ్లూ చేశాను, తెర మీద పనికిరాదు.

పాత ఫైళ్లు. డీటీపీకి వాడే పాత అను ఫాంట్లలో దాచుకున్న నోట్సు, ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాను. వత్తులు కొన్ని తారుమారయ్యాయి, "అర్థం" ఉన్నచోట "అర్ధం" వచ్చింది. మార్చినదాన్ని మాట మాటా చదవక తప్పదు.

ఊరి పేర్లు. జనం నల్లగొండ అనీ నల్గొండ అనీ వెతుకుతారు, మహబూబ్‌నగర్ అనీ పాలమూరు అనీ వెతుకుతారు. శీర్షికలో ఒకటి పెట్టి, రెండోది మొదటి పేరాలో ఒక్కసారి సహజంగా వచ్చేలా రాస్తున్నాను. అంతకు మించి కుక్కితే చదివేవాళ్లకు గుచ్చుకుంటుంది.

*మొత్తం: నిలిచినవి 3. గంటలు 66. ఖర్చు 400.*

5వ దశ (9, 10, 11 వారాలు): బత్తాయి, "నీటి ఒత్తిడి"

ప్రశ్న: బత్తాయి చెట్టుకు నీళ్లు ఎందుకు ఆపుతారు? మా చిన్నాయినది నిడమనూరు దిక్కు తోట, సాత్‌గుడి రకం.

ఇంగ్లీషు నోట్సులోంచి నేను రాసుకుపోయిన వాక్యం: "పుష్పోత్పత్తి కొరకు మొక్కలను నీటి ఒత్తిడికి గురిచేయాలి." చిన్నాయినకు చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి, "మోటరు ప్రెజర్ పెంచమంటున్నవా?" అని అడిగాడు. నేను ఆపమంటుంటే ఆయనకు పెంచమని అర్థమైంది. సలహా తలకిందులైంది.

"మరి మీరేమంటారు?" అని అడిగితే ఆయన చెప్పింది అట్లాగే రాసుకున్నాను: "ఏముంది బిడ్డా, బెట్టకు ఇడుస్తం. ఆకు కొంచెం వడలి ముడుచుకోవాలె. ఎక్కువైతే రాలుతది, రాలినంక చేసేదేం లేదు. వడలిన చెట్టుకు నీళ్లు ఇస్తే చిగురు, పూత కలిసి వస్తది."

వ్యాసం మొత్తం ఆ నాలుగు మాటల మీద మళ్లీ కట్టాను. "నీటి ఒత్తిడి" బదులు "బెట్ట", "పుష్పోత్పత్తి" బదులు "పూత". బరువు నేలలో బెట్ట ఎక్కువ రోజులు, తేలిక నేలలో తక్కువ రోజులు అన్నదాన్ని ఆయన తోటలోనే రెండు మళ్ల ఫొటోలతో చూపించాను. ఆకు ఎంత వడలితే చాలో మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే ఒకే కొమ్మకు నాలుగు రోజుల తేడాతో మూడు ఫొటోలు పెట్టి కింద తేదీలు వేశాను.

ఏ భాషలో రాయాలన్న ప్రశ్న ఇక్కడ తేలింది. నడిపించే వాక్యాలు అన్ని జిల్లాలవాళ్లూ చదివే మామూలు తెలుగులో, పనిముట్లు, పనులు, రోగాల పేర్లు ఆ పని చేసేవాళ్ల నోటి మాటల్లో, ఎవరైనా మాట్లాడితే వాళ్ల యాసలోనే. యాసను దిద్ది పుస్తకభాషలో పెడితే ఆ మనిషి అక్కడ ఉండడు.

వాయిస్ టైపింగ్ వాడి చూశాను. నేను చెప్తే బాగానే పడుతుంది. చిన్నాయిన మాట్లాడింది వేస్తే "ఇడుస్తం" నాలుగుసార్లలో నాలుగు తీర్లుగా పడింది. రికార్డు చేసుకుని చెవితో విని రాయడమే దగ్గరి దారి. 22 నిమిషాల మాటకు రెండు గంటలు పట్టింది.

*మొత్తం: నిలిచినవి 4 (2,700 మాటలు). గంటలు 83. ఖర్చు బస్సులతో 720.*

6వ దశ (12, 13, 14 వారాలు): సాగర్, పోచంపల్లి

సాగర్ ఎప్పుడు పూర్తయింది? నాలుగు చోట్ల నాలుగు ఏళ్లు. ఎవరో ఒకరిది తప్పని వారం రోజులు తిరిగాను. నిజానికి వాళ్లు చెప్తున్నవి వేర్వేరు సంగతులు. శంకుస్థాపన 1955 డిసెంబరు 10న నెహ్రూ చేశారు. కాలువలకు నీళ్లు 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ వదిలారు. పైన 26 క్రస్టు గేట్లు ఆ తర్వాతి ఏళ్లలో వచ్చాయి. "పూర్తయింది" అన్న మాట తీసేసి, ఏ ఏడు ఏం జరిగిందో రాశాను. తారీఖులు కొట్లాడుకుంటే ముందు క్రియ ఏంటో చూడాలని కాగితం మీద ఎర్రగా రాసి గోడకు అతికించాను.

పోచంపల్లి చేనేత వ్యాసంలో తప్పు పడింది జిల్లా పేరు. 2016 అక్టోబరు 11కు ముందు రాసిన ప్రతిదానిలోనూ అది నల్లగొండ జిల్లా. ఇప్పుడు యాదాద్రి భువనగిరి. వినోబా భావే అక్కడికి వచ్చింది, వెదిరె రామచంద్రారెడ్డి పేదలకు వంద ఎకరాలు భూదానంగా ఇస్తానన్నది 1951 ఏప్రిల్ 18న; ఆ రోజుకు అది నల్లగొండ జిల్లానే. "అప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి యాదాద్రి భువనగిరి" అని ఒక్కసారి చెప్పి ముందుకు పోయాను.

ఇంకోటి ఫొటో కింది మాట. మగ్గం మీద నూలు సాపుగా పరిచి ఉన్న ఫొటో కింద "ఆసు పోయడం" అని రాశాను. నేతకారుల ఇంటి ఆడబిడ్డ ఒకామె చూసి, "ఇది ఆసు కాదక్కా, ఆసు అంటే గూటాల చుట్టూ దారం తిప్పుడు, మా అమ్మ భుజం పోయింది దాంతోనే" అంది. ఆసు యంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశంకు 2017లో పద్మశ్రీ ఎందుకు ఇచ్చారో ఆమె మాటతో నాకు నిజంగా అర్థమైంది. నా వ్యాసం రంగుల మీద, డిజైన్ల మీద ఉండేది. దాన్ని పక్కన పెట్టి "చీరకు ముందు భుజం" అని ఆసు మీదే రాశాను, 640 మాటలు. ఐదుగురూ చివరిదాకా చదివిన మొదటి వ్యాసం ఇదే. ఆటో అన్న కూడా.

*మొత్తం: నిలిచినవి 6 (610 + 540 + 720 + 830 + 690 + 640 = 4,030 మాటలు). గంటలు 107, అంటే వ్యాసానికి సుమారు 18. ఖర్చు 1,100 రూపాయలు. పెట్టాక దిద్దినవి 9, అన్నీ తేదీలతో.*

ఇప్పుడు ఉన్న చోటు

వ్యాసానికి 18 గంటల్లో కూర్చుని రాసేది నాలుగైదే. మిగతావి పోవడం, వినడం, సరిచూడడం, కోయడం, చదివించడం. మొదట్లో వారానికి ఒకటిన్నర వ్యాసం లెక్కన పన్నెండు ఎనిమిది వారాల్లో అవుతాయనుకున్నాను. ఆ లెక్క కొట్టేసి, మూడు వారాలకు ఒకటి అని గోడ మీద రాసుకున్నాను.

ఏడోది అలంపురం నవబ్రహ్మ ఆలయాలు. పాత నోట్సులో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంది, జోగులాంబ గద్వాల అని దిద్దాను. ఇంట్లో కూర్చుని ఒక్క వాక్యం కూడా రాయలేదు. తొమ్మిది గుళ్ల పేర్లు నోటుపుస్తకంలో ఒక్కో పేజీకి ఒకటి రాసి, కింద ఖాళీ వదిలాను. పెన్సిళ్లు చెక్కి పెట్టుకున్నాను, ఫోన్‌లో పాత ఫొటోలు తీసి జాగా చేశాను. ఆదివారం పొద్దున మొదటి బస్సు.